లెక్క రానివారికి తగిన పని

మా భద్రాచలపు మన్నెమున వేసవి వచ్చినదనిన తునికాకు కోత వచ్చినదన్నమాటయే. తెల్లవారకమున్నే స్త్రీలు అడవికేగి, మేలైన ఆకులు కోసి తెచ్చి, 50 ఆకుల కొక కట్ట చొప్పున కట్టుదురు. అట్టి 1000 కట్టలు ఒక ప్రమాణపు బస్తా. కూలి కట్టల లెక్కనే ముట్టును. మంచి ఆకును చూచినంతనే గుర్తింపగలిగియు, యేబదివరకు తప్పక ఎంచలేని స్త్రీ యుండెనేని, ఆమె శ్రమ యంతయు కల్లమునొద్ద వాదముపాలగును.

ఇట్టివారిని మందమతులనుట తప్పు. తక్కిన బుద్ధి చక్కగ నుండియు గణితమున మాత్రము పుట్టుకతోడి లోపముండవచ్చునని 1974లో లాడిస్లావ్ కోష్చ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు వివరించెను. దీనికి డిస్కాల్కులియా యని పేరు. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని గుర్తించినది. లోపము నూటికి 40 వంతులకు తక్కువకాదని వైద్యులు ధ్రువపత్ర మిచ్చినచో, ప్రభుత్వోద్యోగములలో ఇట్టివారికిని, మరికొన్ని మానసిక లోపములు గలవారికిని కలిపి నూటికొక వంతు ప్రత్యేకింపబడినది.

మా వీథిలో పదునైదేండ్ల బాలిక యొకతె గలదు. బంధువుల యంగడిలో కూర్చుండబెట్టగా, దినదినము సందెవేళకు పెట్టెలో సొమ్ము తక్కువయ్యెను. చిల్లర యెక్కువ యిచ్చుచున్నదని యెవరును తలపక, దొంగ యనిరి. ఆ బిడ్డ రెండు దినము లన్నము ముట్టలేదు. బడిపంతులైన మావారును మొదట సోమరితన మనియే యెంచిరి. నేనామె ముందు చింతగింజలు రెండు కుప్పలుగా పోసి, యేది యెక్కువయో చెప్పుమంటిని. ఐదును, ఎనిమిదియు! ఆమె ఒక్కొక్క గింజను వ్రేలితో ముట్టి యెంచినగాని చెప్పజాలకపోయెను. నా కన్నులు చెమర్చినవి. ఆమె దొంగయు కాదు, సోమరియు కాదు.

అంతట నాకు భారతమునందలి నలోపాఖ్యానము స్ఫురించెను. ఋతుపర్ణుడు తాండ్రచెట్టుపై నున్న ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పగలిగినవాడు. నలునికి ఆ విద్య లేదు, అశ్వహృదయము గలదు. ఆ లెక్కలరాజు విదర్భకు ఒక్క దినములో చేరుటకు నలుని సారథ్యమే దిక్కయ్యెను. ఒకరి విద్య యొకరికి అక్కరపడినది. నలునికి లెక్క రాదని రథమునుండి దింపియుండినచో, రాజు దారిలోనే నిలిచిపోయియుండును.

ఆ బాలిక చేతిలో మల్లెలు, కనకాంబరములు చక్కగ నొదుగును. ముడి సడలదు, వరుస తప్పదు. భద్రాచలమున ఒక పూలయంగడిలో మాలలు కట్టుటకు కుదిర్చితిమి. మాలను మూరతో కొలుతురు. అది చేతికి తెలిసిన కొలత. అయితే కూలి మూరకింతయని కాక నెలకింతయని ముందే మాటాడుకొంటిమి. జీతము బ్యాంకులో పడును; తల్లి చూచుకొనును. సొమ్ము పుచ్చుకొనుట యజమానురాలి పని. ఇప్పుడా బాలిక తలయెత్తుకొని నడచుచున్నది.

కావున బిడ్డకు పని వెదకునప్పుడు రెండు సంగతులు విచారింపవలెను. ఆ పనిలో లెక్క యెక్కడ దాగియున్నది? కుట్టుపని చేతిపనివలె దోచును గాని, కొలతలు లేక రవిక కుదురదు. కాగితముతో అచ్చులు ముందే కత్తిరించియిచ్చిన కొంత సులువగును. మందుల మోతాదులు చూచు పనిలో తప్పు ప్రాణాంతకము, దానిని విడువవలెను. ఖమ్మపు మిరపకాయలలో తాలుకాయ నేరుటకు కన్ను చాలును. రెండవది, కూలి యే లెక్కన ఇత్తురు? పని చేతనైనను, కట్టల లెక్కన కూలి యిచ్చుచోట ఇట్టివారు మోసపోవుదురు. అట్టి తావున ఆమె కోయగా, కట్టలు వేరొకరు కట్టవలెను. కూలి యిద్దరును పంచుకొనవలెను.

లెక్క వచ్చినవారు ఇంటింట గలరు. ఆ పనిని వారి కప్పగించి, ఈ బిడ్డల చేతిలోని నేర్పునకు చోటు చూపుట మన విధి. దొంగ యను మాట నోటికి వచ్చుటకు ముందు, ఒక్కసారి చింతగింజలు తెచ్చి చూడుడు.