సైటేషన్ల లెక్కతో పరిశోధకుణ్ని తూచగలమా?

వైద్య పరిశోధకుల పేరు పక్కన ఇప్పుడు కొన్ని అంకెలు తప్పనిసరిగా కనిపిస్తున్నాయి: ఎన్ని పత్రాలు రాశారు, ఎన్ని సైటేషన్లు వచ్చాయి, హెచ్-ఇండెక్స్ ఎంత అని. ఉద్యోగాలు, పదోన్నతులు, పరిశోధన నిధులు చాలాచోట్ల వీటిని చూసే ఇస్తున్నారు. అందుకే ఈ అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో అందరికీ తెలియాలి.

అపోహ: ఎక్కువ సైటేషన్లు వచ్చాయంటే అది గొప్ప ఆవిష్కరణే.

వాస్తవం: ఒక పత్రాన్ని తర్వాతివారు తమ పత్రంలో ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. అంటే అది వాడకానికి కొలత. చరిత్రలో అత్యధిక సైటేషన్లు పొందినది ఆలివర్ లౌరీ బృందం 1951లో రాసిన పత్రం. ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని అది వివరిస్తుంది. 2014 నాటికే దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. ప్రయోగశాలల్లో ఆ పద్ధతి వాడిన ప్రతివారూ దాన్ని పేర్కొనాల్సి రావడమే కారణం. అది తన గొప్ప పత్రం కాదని లౌరీయే చెప్పారు.

అపోహ: సైటేషన్ అంటే మెచ్చుకోలు.

వాస్తవం: ఖండించడానికీ పత్రాన్ని పేర్కొనాల్సిందే. ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెడుతూ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పత్రం కేవలం 12 మంది పిల్లలకు సంబంధించినది. 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. దానికి వచ్చిన సైటేషన్లలో ఎక్కువ భాగం అది తప్పని చెప్పినవే. అంకె మాత్రం అన్నిటినీ కలిపేసి చూపుతుంది.

అపోహ: పెద్ద జర్నల్‌లో వచ్చిందంటే పత్రం మంచిదే.

వాస్తవం: జర్నల్ పెద్దదని చెప్పడానికి వాడే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనేది జర్నల్‌కు సంబంధించిన సగటు. గత రెండేళ్ల పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను బట్టి దాన్ని లెక్కిస్తారు. కొద్ది పత్రాలకు విపరీతంగా సైటేషన్లు వస్తే సగటు పెరిగిపోతుంది. మిగతా పత్రాలను ఎవరూ పట్టించుకోకపోయినా ఆ పెరుగుదల అలాగే ఉంటుంది.

అపోహ: హెచ్-ఇండెక్స్ చూస్తే చాలు.

వాస్తవం: భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో దీన్ని ప్రతిపాదించారు. కనీసం 20 సైటేషన్లు చొప్పున వచ్చిన పత్రాలు 20 ఉంటే హెచ్-ఇండెక్స్ 20. కానీ వేలకొద్దీ సైటేషన్లు వచ్చిన పత్రాలు ఐదే రాసినవారికి అది 5 దాటదు. వయసుతో పెరుగుతుందే గాని తగ్గదు కాబట్టి యువ పరిశోధకులకు అన్యాయం జరుగుతుంది. జీవవైద్య పత్రాల్లో సాధారణంగా మొదటి పేరు ప్రయోగాలు చేసినవారిది, చివరి పేరు బృంద నాయకులది. ఈ తేడా కూడా ఆ అంకెకు తెలియదు.

అపోహ: మంచి పనికి వెంటనే గుర్తింపు వస్తుంది.

వాస్తవం: ఎం-ఆర్‌ఎన్‌ఏను శరీరం తట్టుకునేలా మార్చే మార్గాన్ని కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ 2005లో ప్రచురించారు. అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువే. ఆ మార్గం ఆధారంగా కోవిడ్ టీకాలు వచ్చాకే లోకం దాని విలువ గుర్తించింది. 2023లో వారికి నోబెల్ వచ్చింది.

అపోహ: పత్రం మీద పేరు లేకపోతే ఆ పనిలో పాత్ర లేనట్టే.

వాస్తవం: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతి చూడండి. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిపై సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఆయన 1925లో రాసిన పత్రాన్ని శాస్త్రవేత్తలు వేలసార్లు పేర్కొన్నారు. తర్వాత లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో ల్యుకేమియాను తాత్కాలికంగా అదుపు చేయగలిగారు. ఈ ఫలితాన్ని వెల్లడిస్తూ, క్యాన్సర్ చికిత్సలో కీమోథెరపీకి బాట వేసిన 1948 నాటి పత్రం రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. సైటేషన్ల లెక్క ఫాస్ఫరస్ సుబ్బారావును చూస్తుంది, క్యాన్సర్ మందు వెనకున్న సుబ్బారావును చూడదు.

మరి ఎలా అంచనా వేయాలి?

జర్నల్ అంకెలతో వ్యక్తులను కొలవవద్దని పరిశోధనను అంచనా వేసే తీరుపై 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన డోరా ప్రకటన కోరుతోంది. ఎంపిక సంఘాలు అభ్యర్థి ముఖ్యమైనవిగా భావించే నాలుగైదు పత్రాలు అడిగి తీసుకుని, వాటిని చదవాలి. ప్రతి పత్రంలో ఆ వ్యక్తి చేసిన పనేమిటో అడగాలి. ఆ ఫలితం ఇతరుల ప్రయోగాల్లో నిలిచిందా, రోగికి ఉపయోగపడిందా అని చూడాలి. ఇందుకు సమయం పడుతుంది. ఒక పరిశోధకుడి జీవితకాలపు శ్రమను తేల్చే నిర్ణయానికి ఆ మాత్రం సమయం కేటాయించడం మన బాధ్యత.