బాయి మూసిన తరువాత
(రూర్ సీమలో మూడు నెలలు)

విదేశం వెళ్ళి వచ్చినవాణ్ణి మిత్రులు అడిగే ప్రశ్నలు మూడే. తిండికి ఏం చేశావు? స్టయిపెండ్ ఎంత ఇచ్చారు? ఏమేం చూశావు? ఈ మూడింటికీ క్యాంటీన్లో టీ తాగుతూ చాలాసార్లు జవాబు చెప్పాను. కాని ఇంటికి వచ్చిన మొదటి రాత్రి మా నాన్న వేరే ప్రశ్న అడిగాడు. ఆయన ఇరవై ఆరేళ్ళుగా సింగరేణి బాయి దిగుతున్న మనిషి.

"ఆళ్ళు బాయిలన్నీ బంద్ పెట్టిన్రంట గదా. మరి ఊళ్ళు ఏమైనయి రా?"

ఆ రాత్రి సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నమే. మధ్యలో తిండి సంగతి, తిరుగుళ్ళ సంగతి కూడా వస్తాయి లెండి.

2024 మే నుంచి జూలై దాకా నేను జర్మనీలోని బోఖుమ్ పట్టణంలో ఇంటర్న్‌షిప్ చేశాను. బోఖుమ్, ఎస్సెన్, డోర్ట్‌ముండ్, డూయిస్‌బుర్గ్, ఇవన్నీ పక్కపక్కనే ఒకదాన్నొకటి ఆనుకొని ఉండే ఊళ్ళు. ఈ ప్రాంతాన్ని రూర్ సీమ అంటారు. మనకు కొత్తగూడెం, ఇల్లందు, మందమర్రి, గోదావరిఖని ఎలాంటివో జర్మనీకి ఇవి అలాంటివి. మన దగ్గర 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గు కనిపెట్టాడు. ఆ ఇల్లందుకు బొగ్గుట్ట అనే పేరు కూడా ఉంది. అప్పటికే రూర్‌లో లోతైన గనులు, ఉక్కు కొలుములు జోరుగా నడుస్తున్నాయి.

1957లో జర్మనీ నల్లబొగ్గు గనుల్లో ఆరు లక్షల మందికి పైగా పనిచేసేవారు. మరుసటి ఏడే సంక్షోభం మొదలైంది. చమురు చవకగా వచ్చింది. ఓడల మీద విదేశీ బొగ్గు అంతకంటే చవకగా వచ్చింది. రూర్‌లో బొగ్గు పొరలు పలుచన, పైగా చివరికి కిలోమీటరు కంటే లోతుకు దిగితే గాని దొరకని పరిస్థితి. ప్రభుత్వం ఏళ్ళ తరబడి డబ్బు పోసి గనులను నిలబెట్టింది. 2007లో ఇక చాలు, 2018తో ఆపేద్దాం అని నిర్ణయించింది. 2018 డిసెంబర్ 21న బోట్రోప్ పట్టణంలోని చివరి గని నుంచి తీసిన బొగ్గుపెళ్ళను కార్మికులు దేశాధ్యక్షుడు స్టైన్‌మైయర్ చేతికిచ్చారు. అంతటితో అక్కడ నల్లబొగ్గు కథ ముగిసింది.

ముగిసిందని నేననుకున్నాను. ముగియలేదని నాకు మొదటి వారంలోనే తెలిసింది.

నాకు అప్పగించిన పని గని నీటి లెక్కలు. బాయి నడుస్తున్నప్పుడు ఊటనీటిని పంపులతో తోడాలని మనందరికీ తెలుసు. బాయి మూస్తే పంపులు ఆపేయవచ్చు కదా? ఆపితే నీళ్ళు పైకి లేస్తాయి. ఆ నీళ్ళలో ఉప్పు, ఇనుము, ఇంకా పలు ఖనిజాలు కరిగి ఉంటాయి. అవి తాగునీటి పొరలకు చేరితే ముప్పు. అందుకని కొంత మట్టం వరకు లేవనిచ్చి, ఆ పైకి రాకుండా తోడుతూనే ఉండాలి. అంతేకాదు. నూటయాభై ఏళ్ళ తవ్వకాలతో రూర్ నేల కుంగిపోయింది. కొన్నిచోట్ల కుంగుడు 20 మీటర్లకు పైగా ఉంది. ఆ పల్లపు ప్రాంతాల్లో వాననీరు వాటంతట అవి నదిలోకి పోలేవు. అక్కడా పంపులే దిక్కు. పంపులు ఆపితే రూర్‌లో పెద్ద భాగం చెరువైపోతుంది.

ఈ పని ఎన్నాళ్ళు? దానికి వాళ్ళు పెట్టిన పేరులోనే జవాబుంది. జర్మన్‌లో ఆ మాటకు అర్థం 'శాశ్వత భారాలు'. దీనికోసం 2007లోనే ఒక ఫౌండేషన్ పెట్టి, గని కంపెనీకి చెందిన రసాయన వ్యాపారాన్ని దాని చేతికిచ్చారు. 2019 నుంచి నీళ్ళు తోడే ఖర్చు ఆ ఫౌండేషన్ రాబడి నుంచే వస్తోంది. బొగ్గు ఉన్నన్నాళ్ళే లాభం, నీళ్ళు మాత్రం ఎప్పటికీ వస్తూనే ఉంటాయి. కాబట్టి బాయి మూయకముందే నీళ్ళకు డబ్బు దాచాలి. మూడు నెలల్లో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

రెండో పాఠం నా తప్పు ద్వారా వచ్చింది. జర్మన్లు దశాంశానికి మనలాగా చుక్క పెట్టరు, కామా పెడతారు. వేలను విడదీయడానికేమో చుక్క పెడతారు. అంటే వాళ్ళ 1,250 మనకు ఒకటింబావు. ఈ సంగతి తెలియక ఒక పంపు తాలూకు అంకెలన్నీ వెయ్యి రెట్లు పెంచి గ్రాఫు గీశాను. ఆ గ్రాఫు ప్రకారం బోఖుమ్ ఊరు ఊరంతా వారం రోజుల్లో మునిగిపోవాలి! సోమవారం మీటింగులో దాన్ని తెరమీద వేసినప్పుడు నా కాళ్ళల్లో వణుకు పుట్టింది. మా పర్యవేక్షకురాలు కోప్పడలేదు. "ఇది నీ ఒక్కడి తప్పు కాదు. ఈ ఫైలు ఎలా చదవాలో పైన రాసి ఉండాలి. ఆ వివరం నువ్వే రాయి, నీ తరువాత వచ్చేవాళ్ళు తప్పు చేయరు" అంది. ఆ మధ్యాహ్నం కూర్చుని ఒక పేజీ రాశాను. నా ఇంటర్న్‌షిప్‌లో నేను చేసిన అత్యంత ఉపయోగకరమైన పని ఆ పేజీయేనేమో.

ఆఫీసు పద్ధతులు కొన్ని మనకు వింతగా తోస్తాయి. పన్నెండు గంటలైతే వరండాలో ఎదురుపడ్డ ప్రతివాడూ 'మాల్‌త్సైట్' అంటాడు. 'భోజనం వేళ' అని అర్థం, అదే నమస్కారం. సాయంత్రం పని ముగిస్తే ముగిసినట్టే. నేను ఏడింటిదాకా కూర్చుంటే మెచ్చుకుంటారనుకున్నాను. మెచ్చుకోలేదు సరికదా, "పని ఎక్కువైందా, ఎవరినైనా సాయం ఇవ్వనా?" అని అడిగారు. మన 'నువ్వు', 'మీరు' లాగా వాళ్ళకూ రెండు మాటలున్నాయి. 'నువ్వు' అనడానికి పెద్దవాళ్ళే ముందు అనుమతి ఇవ్వాలి. ఇది మాత్రం నాకు ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. మొదటి ఆదివారం ఆ సంగతి తెలియక అటుకుల చుడువా, మామిడికాయ పచ్చడితోనే రోజు గడిపాను. రెండో శనివారం నుంచి టర్కీ వాళ్ళ కొట్లో బియ్యం, ఉల్లిగడ్డ, కొత్తిమీర ముందే తెచ్చి పెట్టుకున్నాను. ఈ టర్కీ వాళ్ళు ఇక్కడెందుకున్నారంటే, అదీ బొగ్గు కథే. 1961లో జర్మనీ, టర్కీ ఒప్పందం చేసుకున్నాక వేలాదిమంది ఈ గనుల్లోకి వచ్చారు. కొరియా నుంచీ వచ్చారు. బాయి దిగాక అందరి మొహం ఒకే రంగు కదా అన్నాడు ఆ కొట్టు పెద్దాయన. వాళ్ళ నాన్న గనిలో పనిచేశాడట.

ఇక తిరుగుళ్ళ సంగతి. జర్మనీలో 2023 మే 1 నుంచి ఒక నెలవారీ టికెట్ ఉంది. అది చేతిలో ఉంటే దేశం మొత్తంలో సిటీ బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్ళు ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. వేగంగా పోయే పెద్ద రైళ్ళకు మాత్రం పనికిరాదు. నేనున్నప్పుడు నెలకు 49 యూరోలు. 2025లో 58, 2026 జనవరి నుంచి 63 చేశారు. నా వారాంతాలన్నీ ఈ టికెట్ మీదే నడిచాయి. జర్మన్ రైళ్ళు గడియారం ప్రకారం నడుస్తాయని చిన్నప్పటినుంచి విన్నాను. అది పాత మాట. ఆ వేసవిలో యూరో ఫుట్‌బాల్ పోటీలు కూడా జరగడంతో రైళ్ళు కిక్కిరిసి, ఆలస్యమై, మన ప్యాసింజర్ బండిని గుర్తుకు తెచ్చాయి.

అందరిలాగే కొలోన్ వెళ్ళాను. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేసిన చర్చి అది. 533 మెట్లు ఎక్కాను. వుప్పర్‌టాల్‌లో 1901 నుంచి నడుస్తున్న, తలకిందులుగా వేలాడే రైలు ఎక్కాను. బాగున్నాయి. కాని నా మనసు గనుల దగ్గరే ఆగిపోయింది.

ఎస్సెన్‌లో త్సోల్‌ఫెరైన్ గని ఉంది. 1932లో ప్రారంభమైన దాని పన్నెండో షాఫ్టు రోజుకు 12,000 టన్నుల బొగ్గు తీయడానికి కట్టింది. 1986 డిసెంబర్ 23న మూతపడింది. పాత ఇనుము కింద అమ్మేస్తే సరిపోయేది. అమ్మలేదు. 2001లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఒకప్పుడు బొగ్గు కడిగిన భవనంలో ఇప్పుడు రూర్ మ్యూజియం ఉంది. కోక్ ఓవెన్ల పక్కన వేసవిలో పిల్లలు ఈత కొడతారు. మాకు చూపించిన గైడు రిటైరైన గని కార్మికుడు. సింగరేణి పిల్లవాణ్ణని చెప్పగానే నా చెయ్యి పట్టుకొని 'గ్ల్యూక్ ఔఫ్' అన్నాడు. బాయి దిగేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే శుభాకాంక్ష అది. తరువాత బృందాన్ని కాసేపు వదిలేసి మా నాన్న గురించే అడిగాడు. ఏ షిఫ్టు? ఎంత లోతు? దగ్గు ఉందా? మూడో ప్రశ్నకు నేను తలవంచుకున్నాను. "నాకూ ఉంది" అన్నాడాయన.

ఎమ్షర్ నది ఒడ్డున సైకిల్ తొక్కడం మరో వారాంతం. నేల కుంగితే భూమిలో వేసిన మురుగు గొట్టాలు పగిలిపోతాయి. అందుకని రూర్ వాళ్ళు వంద సంవత్సరాలకు పైగా ఈ నదినే మురుగు కాలువగా వాడుకున్నారు. బాయిలు ఆగి కుంగుడు తగ్గాక 1992లో బాగుచేత మొదలుపెట్టారు. మురుగంతటికీ 51 కిలోమీటర్ల సొరంగం వేశారు. 2021 చివరికి నదిలో మురుగు కలవడం ఆగింది. ఖర్చు ఐదు వందల కోట్ల యూరోలకు పైమాట. ఒక నదిని చంపడం ఎంత చవకో, బతికించడం అంత ఖరీదు.

జర్మనీ బొగ్గు పూర్తిగా మానేసిందనుకుంటే పొరపాటు. ఒక శనివారం సహోద్యోగి కారులో గార్త్స్‌వైలర్ ఓపెన్‌కాస్ట్ చూడడానికి తీసుకువెళ్ళాడు. అక్కడ గోధుమరంగు బొగ్గు ఇంకా తవ్వుతున్నారు. 96 మీటర్ల ఎత్తుండే బాగర్ 288 లాంటి యంత్రాలు రోజుకు రెండు లక్షల టన్నులకు పైగా తోడగలవు. 2023 జనవరిలో ఈ గని కోసమే ల్యూట్సెరాట్ అనే ఊరిని నిరసనల మధ్య ఖాళీ చేయించారు. గట్టు మీద నిలబడి చూస్తుంటే మన ఓసీపీల కింద పోయిన పల్లెలే కళ్ళముందు మెదిలాయి. దేశం మారినంత మాత్రాన నిర్వాసితుడి బాధ మారదు.

మరి ఊళ్ళు ఏమైనట్టు? ఉన్నమాట చెప్పాలంటే, కొన్ని నిలబడ్డాయి, కొన్ని ఇంకా కుంటుతున్నాయి. గనులు మూసినప్పుడు కార్మికులను ఒక్కసారిగా రోడ్డుమీద వేయలేదు. పెద్దవాళ్ళకు ముందస్తు పింఛను, చిన్నవాళ్ళకు వేరే పని నేర్పించడం, ఇలా దశాబ్దాల పాటు సాగించారు. దానికి యూనియన్లు గట్టిగా కొట్లాడాయి. రూర్‌లో గనులు నిండుగా ఉన్నప్పుడు విశ్వవిద్యాలయం లేదు. 1965లో బోఖుమ్‌లో మొదటిది తెరిచారు, తరువాత మిగతా ఊళ్ళలో వచ్చాయి. నేను పనిచేసిన ఊరికి ఇప్పుడు అదే పెద్ద ఆధారం. ఇంకోవైపు, మూసిన గని స్థలంలో 1962లో బోఖుమ్‌కు కారు ఫ్యాక్టరీ వచ్చింది, 2014లో అదీ మూతపడింది. గెల్సెన్‌కిర్షెన్‌లో నిరుద్యోగం జర్మనీలోకెల్లా ఎక్కువ ఉండే ఊళ్ళలో ఒకటి. అక్కడి ఫుట్‌బాల్ స్టేడియంలో ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చే దారిని గని సొరంగంలా తీర్చారు. బొగ్గు పోయినా గుర్తు పోలేదు. గుర్తు మాత్రం కూడు పెట్టదు.

ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అంటే బాయి బంద్ అయ్యే దినం గాదు, అంతకు ముప్పయ్యేండ్ల ముందే ఆలోచన చెయ్యాలన్నట్టు" అన్నాడు. మూడు నెలలు తిరిగి నేను నేర్చిందాన్ని ఆయన మంచం మీద కూర్చుని ఒక్క ముక్కలో చెప్పేశాడు.

జూనియర్ మిత్రులకు రెండు మాటలు. మూడో సంవత్సరం వేసవికి వెళ్ళాలంటే అంతకుముందు దసరా నుంచే ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాయండి. నేను నలభై రాస్తే మూడింటికి జవాబొచ్చింది. ఎవరి పని గురించి రాస్తున్నారో ఆ పని చదివి రాయండి. వెళ్ళిన చోట చర్చిలు, కోటలు చూడండి, తప్పులేదు. కాని మన ఊరికి రేపు రాబోయే కష్టం వాళ్ళ ఊరికి నిన్న వచ్చి ఉంటే, ఒక వారాంతం దానికీ కేటాయించండి.

గ్ల్యూక్ ఔఫ్!