పళ్లెం దగ్గరికి రానివ్వకుండా ముక్కును నిందిస్తారా?

ఇంటర్‌లో మాకు జీవశాస్త్రం చెప్పిన లెక్చరర్ ఒకాయన ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’ అని బోర్డు మీద రాసి, “సత్తా ఉన్నవాడే నిలుస్తాడు. ప్రకృతిలో రిజర్వేషన్లు ఉండవు” అన్నారు. క్లాసంతా నవ్వింది. మేం కొందరం తల దించుకున్నాం. ఆ మాటకు జవాబు చాలా ఏళ్ల తర్వాత, బస్తీ పిల్లలకు సైన్సు చెబుతుంటే దొరికింది.

దానికి కావాల్సినవి చెంచాలు, ట్వీజర్లు, గ్లాసులు, గింజలు. చెంచా, ట్వీజర్ రెండు రకాల పక్షి ముక్కులు. గ్లాసు కడుపు. ఎవరికి ఏ ముక్కో చీటీలు తీసి పంచాలి, ఎందుకంటే ఏ పక్షీ తన ముక్కును ఎంచుకుని పుట్టదు.

మొదటి ఆట: పళ్లెంలో ఆవాలు పోసి 30 సెకన్లు ఇవ్వండి. చెంచాలదే గెలుపు. తక్కువ పోగేసినవాళ్లు చనిపోయినట్టు లెక్క. వాళ్లు గెలిచినవాళ్ల పిల్లలుగా, అదే ముక్కుతో మళ్లీ ఆటలోకి వస్తారు. ఏ పక్షి ముక్కూ మారలేదు, గుంపులో చెంచాల వాటా పెరిగింది. జీవపరిణామం అంటే ఇదే.

రెండో ఆట: చీటీలు మళ్లీ తీయండి. ఈసారి శనగలను రెండు ఇటుకల మధ్య సన్నటి సందులో వేయండి. చెంచా దూరదు, ట్వీజర్ గెలుస్తుంది. మరి ఏ ముక్కు గొప్పది? తిండి ఏదో, ఎక్కడుందో చెప్పకుండా ఆ ప్రశ్నకు అర్థమే లేదు.

గాలపాగోస్‌లోని డాఫ్నే మేజర్ దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు కొలిచి చూపింది ఇదే. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయి పెద్ద, గట్టి గింజలు మిగిలాయి. పెద్ద ముక్కున్న ఫించ్ పిట్టలు ఎక్కువగా బతికాయి. 1983 భారీ వర్షాల తర్వాత చిన్న గింజలు పెరిగితే, చిన్న ముక్కు పిట్టలకు కలిసొచ్చింది.

మూడో ఆట నేను చేర్చింది. అందరికీ చెంచాలే, పళ్లెంలో ఆవాలే. చీటీ తీసి సగం మందిని 20 సెకన్లు గోడ దగ్గరే ఆపేయండి. వాళ్ల గ్లాసుల్లో గింజలు తక్కువే పడతాయి. “తప్పు చెంచాదా?” అని అడిగితే పిల్లలే అరుస్తారు: “కాదు, మమ్మల్ని ఆపారు!”

కులం ముక్కు లాంటి లక్షణం కాదు, గోడ దగ్గర ఆపే చెయ్యి. ఆ చేతిని దాచి గ్లాసును మాత్రం చూపించడాన్నే ‘మెరిట్’ అంటున్నారు. రిజర్వేషన్ ఆ చేతిని అడ్డు తొలగించే ప్రయత్నం. అన్నట్టు, మా లెక్చరర్ రాసిన ఆ మాటను పుట్టించింది డార్విన్ కాదు, 1864లో హెర్బర్ట్ స్పెన్సర్. రక్తశుద్ధి పేరుతో కులాన్ని సమర్థించిన వాదాన్ని బాబాసాహెబ్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో తిప్పికొట్టారు.

2023-24 ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో జీవపరిణామం పాఠం లేదు. పదితోనే సైన్సు ఆగిపోయే పిల్లల్లో మనవాళ్లు ఎందరో. హాస్టల్లో, ట్యూషన్ సెంటర్లో ఒక గంట దొరికితే ఈ మూడు ఆటలూ ఆడించండి. మూడోది మాత్రం వదలొద్దు.