ఒంటి చేతి సేద్యము

గడచిన వేసవిలో ఒకనాటి సాయంకాలము మేడ్చల్ బస్సు డిపో దగ్గర ఒక పెద్దమనిషి నన్ను ఆపి నమస్కరించెను. ఆయన శామీర్‌పేట వైపు పల్లెకు చెందిన రైతు, ఒకప్పుడు ద్రాక్షతోట పెంచినవాడు. ఆయన కుమారుడు చాల ఏండ్ల క్రిందట ఇంటర్మీడియట్‌లో నా తరగతిలో కూర్చున్నవాడు. పిదప ఇంజనీరింగు చదివి మాదాపూరులో ఉద్యోగము సంపాదించెనని వినియుంటిని.

"సారూ, మావోడు నౌకరి ఇడ్సిపెట్టిండు. నెలకు అరవై వేలొచ్చే నౌకరి! రెండేండ్ల సంది ఇంట్లనే కంప్యూటరు ముంగట కూసుంటుండు. ఏం జేస్తున్నవ్ రా అంటే కంపెనీ నడుపుతున్న అంటడు. కంపెనీల ఉన్నదెవరు? ఆడొక్కడే! మీరన్న జర చెప్పుండ్రి" అని ఆయన అనెను. ఆ మాటలలో కోపముకంటె భయమే ఎక్కువగా ధ్వనించెను.

నేను తెలుగు పాఠము చెప్పి బ్రదుకువాడను. కంప్యూటరు సంగతులు నాకు అంతంతమాత్రమే తెలియును. అయినను తెలియని విషయమున ఉపదేశము చేయరాదు గనుక, ఆ యువకునితో రెండు మూడు సాయంకాలములు గడపితిని. ఇట్టి వ్యాపారములను గూర్చి కొంత చదివితిని. తెలిసికొన్నదానిని ఉపాధ్యాయ మిత్రులతోను, విద్యార్థులతోను పంచుకొనవలెనని తోచినది. ఏలయన, ఈ ప్రశ్న ఆ ఒక్క తండ్రిది కాదు. మేడ్చల్, శామీర్‌పేటల నడుమ నేడు చదువులకు కొదువ లేదు. శామీర్‌పేటలో నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము ఉన్నది. ఆ చేరువనే 2008 లో బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణము వెలసినది. కండ్లకోయ చుట్టుప్రక్కల ఇంజనీరింగు కళాశాలలు బారులు తీరియున్నవి. 2023 ఏప్రిల్ నెలలో మేడ్చల్ వరకు ఎం.ఎం.టి.ఎస్. రైలు కూడ వచ్చినది. ఇన్ని చదువుల చివర మన పిల్లలకు కనబడు ద్వారము మాత్రము ఒక్కటే. ఏ పెద్ద కంపెనీయో కళాశాలకు వచ్చి తమను ఏరుకొనిపోవలెను! ఆ కంపెనీలు రాని సంవత్సరమున ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలుగక పోవునో, మన ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

ఆ యువకుడు పట్టిన దారి మరియొకటి. అప్పు లేదు, వాటాదారు లేడు, పనివాడు లేడు. తానే ప్రోగ్రాము వ్రాయును, తానే అమ్మును, తానే ఫోను తీయును, తానే లెక్క కట్టును.

చేతి సొమ్ముతో, ఒక్క వస్తువుతో బ్రదుకు కట్టుకొనుట తెలుగువారికి క్రొత్త కాదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893 లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిరి. తలనొప్పి ఎల్లవారికిని ఉన్న బాధ. దానికి ఒక చిన్న సీసాలో మందు చేసి, సంగీత సభలలో ఉచితముగ పంచిపెట్టి జనులకు పరిచయము చేసిరని ప్రసిద్ధి. ఆ చిన్న సీసాయే 1908 లో ఆంధ్రపత్రికను, 1924 లో భారతిని పోషించినది. తెలుగు సాహిత్యము ఆ తలనొప్పి మందునకు ఎంత ఋణపడినదో మనము తరచుగా తలచుకొనము.

ఐతే సీసాకును సాఫ్ట్‌వేరుకును ఒక భేదము కలదు. నూరు సీసాలు అమ్మవలెనన్న నూరు సీసాలను నింపవలెను. ప్రోగ్రామును ఒకమారు వ్రాసిన చాలును. దానిని పదిమందికి ఇచ్చినను, పదివేలమందికి ఇచ్చినను సరకు తరుగదు. ఒంటరివాడు ఈ వ్యాపారమునకు పూనుకొనగలుగుట ఇందువలననే. కాని తరుగనిది సరకు మాత్రమే. కొన్న ప్రతివానికిని ఒక సందేహము ఉండును, ఒక ఫిర్యాదు ఉండును. వానికి బదులు చెప్పు నోరు ఒక్కటే. ఈ వ్యాపారములోని సుఖమును, కష్టమును ఈ రెండు వాక్యములలోనే ఉన్నవి.

ఉపాధ్యాయులకు నచ్చదగిన ఉదాహరణము ఒకటి చెప్పెదను. పాట్రిక్ మెకెంజీ అను అమెరికా యువకుడు జపాను దేశమున ఉద్యోగము చేయుచు, 2006 జూలైలో 60 డాలర్ల ఖర్చుతో ఒక చిన్న ప్రోగ్రామును అమ్మకమునకు పెట్టెను. అది బింగో చీటీలను తయారుచేయునది. బింగో అనగా మన తంబోలా వంటి ఆట. అమెరికాలోని ప్రాథమిక పాఠశాలలలో అంకెలకు బదులు పదములు వ్రాసి దానిని ఆడింతురు. ఉపాధ్యాయురాలు పదమును చదువును, పిల్లలు తమ చీటీలో దానిని వెదకి గుర్తు పెట్టుదురు. తరగతిలో 30 మంది ఉన్నచో 30 చీటీలు వేరువేరుగ ఉండవలెను. వానిని చేతితో గీయుటకు ఒక రాత్రి పట్టును. మెకెంజీ ప్రోగ్రాము ఆ పనిని నిమిషములలో ముగించెను. కొన్ని చీటీల వరకు ఉచితము, తరగతికి అంతటికిని కావలెనన్న వెల చెల్లింపవలెను.

ఈ పనిలో మహావిద్య ఏమియు లేదు. కంప్యూటరు శాస్త్రము చదివిన ఏ విద్యార్థియైనను కొలది దినములలో వ్రాయగలడు. మెకెంజీ గొప్పదనమల్లా, రాత్రి పదిగంటలవేళ చీటీలు గీయుచున్న ఉపాధ్యాయురాలిని కంటికెదురుగ ఉంచుకొనుటలో కలదు. ఆమె ఇంటర్నెట్టులో ఏ మాటలతో వెదకునో అతడు ఆలోచించెను. ఏ పండుగకు ఏ పదములు కావలెనో, ఉపాధ్యాయ వృత్తి తెలిసినవారిచేత పట్టికలు వ్రాయించెను. ఉద్యోగము చేయుచునే ముందు వెనుకల వేళలలో ఉత్తరములకు బదులు వ్రాసెను. 2006 లో మొదలిడినవాడు ఉద్యోగము మానినది 2010 లో. విద్యార్థులు ఈ నాలుగేండ్ల లెక్కను మరువరాదు.

మన దేశమున కలకత్తాలో పల్లవ్ నధానీ అను 17 ఏండ్ల బాలుడు 2002 లో ఇట్లే మొదలుపెట్టెను. బడిలో ఇచ్చిన పనికి ఎక్సెల్‌లో గీసిన పటములు అతనికి రుచింపలేదు. అంతకంటె చక్కని పటములు కదలాడునట్లు తానే ఒక ప్రోగ్రాము వ్రాసెను. దానిని గూర్చి ఒక వ్యాసము వ్రాయగా వచ్చిన పారితోషికమే పెట్టుబడి! తొలి ఏండ్లలో వ్రాయుట, అమ్ముట, జవాబులు చెప్పుట అన్నియు తానే. ఆ ఫ్యూజన్‌చార్ట్స్ క్రమముగ పెరిగి దేశదేశములకు ప్రాకి, 2020 లో ఐడెరా అను అమెరికా సంస్థ చేతికి పోయినది. వ్యాసరచన ఎందుకని అడుగు విద్యార్థులకు నేను ఇక ఈ కథనే చెప్పెదను.

పెరుగుట ఎల్లప్పుడును మేలు కాదని చెప్పు కథయు ఒకటి కలదు. అమెరికాలో ఐ.బి.ఎం. ఉద్యోగియైన జిమ్ నాఫ్, తన చర్చి సభ్యులకు పంపు ఉత్తరములపై చిరునామాలు అచ్చువేయుటకై ఒక ప్రోగ్రాము వ్రాసికొనెను. స్నేహితులు అడుగగా పంచెను. అడుగువారు పెరుగగా, తపాలా ఖర్చులు భరింపలేక, ఇష్టమైనవారు 10 డాలర్లు పంపుడని 1982 లో దానిలోనే ఒక మాట వ్రాసి పెట్టెను. ఊహింపనంత సొమ్ము వచ్చినది. 1984 లో ఉద్యోగము మానెను. పిమ్మట పనివారు వచ్చిరి, కార్యాలయము వచ్చెను, పెద్ద కంపెనీలతో పోటీ వచ్చెను. 1990 దశకపు తొలి ఏండ్లలో ఆ వ్యాపారము చేతులు మారినది. ఒక్కనికి సరిపోవు బావి ముప్పది మందికి సరిపోలేదు.

ఇక మన యువకుని సంగతి. అతడు చేసినది చిన్న ప్రైవేటు బడులకు బస్సుల లెక్క. ఏ పిల్లవాడు ఏ మలుపువద్ద ఎక్కునో, ఎవరి బస్సు రుసుము ఎన్ని విడతలుగ వచ్చినదో, ఈ దినము బస్సు ఆలస్యమైనచో ఎవరెవరి తల్లులకు కబురు పోవలెనో చూచునది. మొదటి ఆరు నెలలు తన గదిలోనే కూర్చుండి, బడి వారికి కావలెనని తాను అనుకొన్నవన్నియు కట్టెను. తీసికొనిపోయి చూపగా బడి గుమాస్తా ఒక నిట్టూర్పు విడిచి, తన పాత నోటుపుస్తకమునే తెరచెనట! అప్పుడు బుద్ధి వచ్చి, ఆ గుమాస్తా ప్రక్కన పదునైదు దినములు కూర్చుండెను. ఆయన ఎర్రసిరాతో ఏమి వ్రాయునో, పెన్సిలుతో ఏమి వ్రాయునో, ఏ పేరు దగ్గర చుక్క పెట్టునో చూచి, తాను కట్టినదానిలో మూడుపాళ్లు తీసివేసి తిరిగి వ్రాసెను.

రెండవ పాఠము వెలను గూర్చినది. మొదట అయిదు బడులకు ఊరక ఇచ్చెను. అయిదింటిలో ఒక్కటియు వాడలేదు. నెలకు 900 రూపాయలని చెప్పిన పిదప వచ్చిన బడి మాత్రము మొదటి వారముననే పండ్రెండు లోపములను చూపి కోపించినది. "ఆ కోపము విన్ననాడు నిజముగ సంతోషించితిని, మాష్టారూ. వాడనివానికి కోపము రాదు గదా!" అని అతడు నాతో అనెను. రుచి చూపుట వేరు, ఊరక ఇచ్చుట వేరు. పంతులుగారు సభలో పంచినది రుచి. అంగడిలో సీసాకు వెల ఉండెను.

మూడవ పాఠము కష్టముగ వచ్చినది. ఒక జూనులో బడులు తెరచిన వారముననే అతనికి జ్వరము వచ్చి నాలుగు దినములు లేవలేదు. ఆ నాలుగు దినములలో కబురులు పోవుట ఆగినది. ఒక బడి పిల్లలు ఎండలో గంటసేపు నిలిచిరి. ఆ బడి వారు విడిచిపోయిరి, విడిచిపోవుట న్యాయమే. నాటినుండి అతడు తాను చేయు ప్రతిపనిని ఒక పుస్తకములో, క్రొత్తవానికి సైతము తెలియునట్లు వ్రాసి పెట్టుకొనెను. నమ్మకమైన స్నేహితునికి ఒకనికి తాళములవంటి రహస్యపదములను అప్పగించెను. ఆ పుస్తకమును నేను చూచితిని. చిన్న వాక్యములు, అనుమానమునకు తావు లేదు. నా తరగతిలో ఇతనికి వ్యాసములో ఎన్నడును మంచి మార్కులు రాలేదని జ్ఞాపకము వచ్చి కొంచెము సిగ్గుపడితిని. లోపము ఎవరిదో!

ఈ దారి అందరికిని తగినదని నేను చెప్పబోను. ఇప్పుడు అతనికి 31 బడులు కలవు. నెలకు 27,900 రూపాయలు వచ్చును. అద్దె కంప్యూటరులకు, కబురులకు పోగా మిగులునది మానిన జీతములో సగము లేదు. మాటాడుటకు తోడు లేదు, మెచ్చుకొను అధికారి లేడు, సెలవు లేదు. తమ్ముని చదువో, చెల్లెలి పెండ్లియో నెత్తిమీద ఉన్న పిల్లవాడు జీతమునే నమ్ముకొనుట పిరికితనము కాదు. మెకెంజీవలె ఉద్యోగము నీడలో మొక్కను పెంచుట అట్టివారికి మేలు.

ఈ మాటలన్నియు ఆ తండ్రికి చెప్పుటకు ఒక ఆదివారము వారి ఇంటికి పోతిని. ఆయన వేపచెట్టు క్రింద మంచముపై కూర్చుండి అంతయు వినెను. ఇంటి వెనుక పూర్వపు తోటలో రాతి కంబములు రెండు ఇంకను నిలిచియున్నవి. ఈ ప్రాంతము ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరు. కంబములు పాతి, తీగె లాగి, పందిరి వేసి, ఏటికి రెండుమార్లు కత్తిరించి కాపాడిన తోటలు భూగర్భజలము క్రుంగుటతోను, భూముల వెల పెరుగుటతోను ప్లాట్లుగ మారిపోయినవి.

"గిదేదో మా అనాబ్ తోట లెక్కనే ఉన్నది సారూ" అని ఆయన మెల్లగ అనెను. "పందిరేసి మూడో ఏడు దాంక గుత్తి జూడలే. గప్పుడు మా అయ్య గూడ నన్ను గిట్లనే తిట్టిండు."

నేను తేలికపడి లేవబోవుచుండగా ఆయన చేయి పట్టుకొనెను. "గని సారూ, బాయిల నీళ్లున్నన్ని దినాలే తోట. మావోనికి నీళ్లెన్ని దినాలకున్నయో గది అడిగిండ్రా?"

అడుగలేదు. ఇన్ని పుస్తకములు చదివిన నాకు ఆ ప్రశ్న తోచనే లేదు. వాకిటిలో నిలుచున్న కుమారుడు లోపలికి పోయి ఒక నోటుపుస్తకము తెచ్చెను. నెలనెలకు వచ్చినది, పోయినది, బ్యాంకులో నిలిచినది అందులో ఉన్నది. చివరి పుటలో, ఇట్లే సాగినచో ఇంకను పదునాలుగు నెలలు, అప్పటికి 50 బడులు కానిచో తిరిగి ఉద్యోగము, అని వ్రాసియున్నది. ఆ పుటను అతడు ఇంతవరకు ఇంటిలో ఎవరికిని చూపలేదట.

తండ్రి కండ్లద్దములు పెట్టుకొని ఆ పుటను రెండుమార్లు చదివెను. తరువాత, "గీ ముక్క నాకు రెండేండ్ల కింద చెప్పొద్దార?" అని మాత్రము అనెను.