బాధ, ప్రార్థన, 'తెషువా': యూద సంప్రదాయంలో ఆత్మపరిశీలన - దాని హద్దులు

వ్యాససంగ్రహం:
వ్యక్తికి కష్టం కలిగినప్పుడు ప్రార్థన, పశ్చాత్తాపాలను యూద సంప్రదాయం ఏ విధంగా నిర్దేశించిందో ఈ వ్యాసం వివరిస్తుంది. బాధను ఆత్మపరిశీలనకు పిలుపుగా భావించిన గ్రంథాలే, ఆ పరిశీలనను బాధితునికి విడిచిపెట్టి, ఇతరులు అతనిపై తీర్పు చెప్పకుండా హద్దు గీశాయని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: తెషువా, తెఫిల్లా, తాల్ముద్, మైమోనిడీస్, యోబు, హన్నా.

1. ఉపోద్ఘాతం:
'ఏ జన్మలో ఏ పాపం చేశానో' అన్న మాట వినని తెలుగువారుండరు. కష్టంలో ఉన్న మనిషి తనకు తాను ఆ మాట అనుకోవడం వేరు. పక్కవారు ఆ మనిషిని ఉద్దేశించి అనడం వేరు. మొదటిది వేదన, రెండవది తీర్పు. పూర్వజన్మ భావనతో నిమిత్తం లేకుండానే యూద ధర్మశాస్త్రం ఈ భేదాన్ని గుర్తించి, దానిని ఒక నియమంగా నిలిపింది.

2. పదాల అర్థపరిధి:
'తెషువా' అనే హీబ్రూ పదాన్ని మనం 'పశ్చాత్తాపం' అని అనువదిస్తున్నాం. పశ్చాత్తాపమంటే తరువాత కలిగే తాపం, అది మనఃస్థితి. 'తెషువా' మాత్రం 'తిరిగి రావడం' అనే అర్థం గల ధాతువు నుండి ఏర్పడింది, అది ఆచరణ. మైమోనిడీస్ (1138-1204) తన 'మిష్నే తోరా'లో పాపాన్ని విడిచిపెట్టడం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం, చేసినదానికి చింతించడం, నోటితో ఒప్పుకోవడం అనే నాలుగు అంగాలను దీనికి చెప్పాడు. తాపం వీటిలో ఒకటి మాత్రమే. అపరాధం తోటి మనిషి పట్ల జరిగితే, ఆ మనిషిని ప్రసన్నుని చేసుకోనిదే యోం కిప్పూర్ దినం కూడా ఆ దోషాన్ని పోగొట్టదని మిష్నాలోని 'యోమా' భాగం చెబుతుంది.

'ప్రార్థన'లో ప్రధానమైన అర్థం వేడుకోవడం. 'తెఫిల్లా'కు మూలమైన ధాతువుకు 'తీర్పు చెప్పడం' అనే అర్థం ఉంది. 'ప్రార్థించు' అనే హీబ్రూ క్రియ, సంస్కృత ఆత్మనేపదం వలె, ఫలం కర్తకే చెందే రూపంలో ఉంటుంది. అందువల్ల 'తనను తాను విచారించుకోవడం' అని సంప్రదాయ వ్యాఖ్యానం. ఇక్కడ విచారించేవాడూ విచారణకు గురయ్యేవాడూ ఒక్కడే.

3. బాధితుని కర్తవ్యం:
తాల్ముద్‌లోని 'బెరఖోత్' 5వ పత్రం ఈ విచారణకు ఒక క్రమాన్ని చూపింది. కష్టాలు వచ్చినవాడు మొదట తన పనులను పరిశీలించుకోవాలి. దోషం కనిపించకపోతే, తోరా అధ్యయనంలో ఉపేక్ష ఉన్నదేమో చూసుకోవాలి. అదీ లేకపోతే వాటిని 'ప్రేమవల్ల కలిగిన బాధలు'గా గ్రహించాలి. ఈ మూడవ మెట్టు ముఖ్యమైనది. వెదికినా పాపం దొరకకపోవచ్చునని గ్రంథమే అంగీకరిస్తున్నది. పాపం లేనిదే బాధ లేదన్న అభిప్రాయాన్ని 'షబ్బత్' భాగం చర్చకు తెచ్చి, చివరకు ఖండించింది.

4. ఇతరులకు హద్దు:
'బావా మెజియా' 58వ పత్రం మాటలతో చేసే హింసను నిషేధిస్తుంది. రోగపీడితులతో, బిడ్డలను పోగొట్టుకున్నవారితో యోబు స్నేహితులు మాట్లాడినట్లు మాట్లాడరాదన్నది అందులో ఒక నియమం. నిర్దోషులకు ఆపద రాదని యోబుతో వాదించడమే ఆ స్నేహితుల తప్పు.

మరి పక్కవారు చేయవలసినదేమిటి? 'బెరఖోత్' అదే పత్రంలో దీనికి సమాధానం ఉంది. జబ్బుపడిన రబ్బీ హియ్యా బర్ అబ్బాను చూడబోయిన రబ్బీ యోహానాన్, ఈ బాధలు నీకు ఇష్టమేనా అని అడుగుతాడు. బాధలూ వద్దు, వాటి ప్రతిఫలమూ వద్దని రోగి అంటాడు. యోహానాన్ ఆయన చేయి పట్టుకొని లేపుతాడు. తరువాత యోహానాన్ జబ్బుపడితే రబ్బీ హనీనా వచ్చి ఆయనను లేపుతాడు. తనను తానే ఎందుకు లేపుకోలేదన్న ప్రశ్నకు, ఖైదీ తనను తాను చెరనుండి విడిపించుకోలేడని సమాధానం. ఈ యోహానాన్ పదిమంది కుమారులను పోగొట్టుకున్న తండ్రి. అటువంటి వ్యక్తి రోగిని పాపాల గురించి ప్రశ్నించలేదు, చేయి అందించాడు.

5. ప్రార్థన - పొరపాటు తీర్పు:
సమూయేలు మొదటి గ్రంథంలో సంతానం లేని హన్నా పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తే, యాజకుడు ఏలీ ఆమె మద్యం తాగినదని భావించాడు. ఆమె తన దుఃఖాన్ని తెలిపిన తరువాత ఆశీర్వదించి పంపాడు. తాల్ముద్ ఈ కథనుండి ప్రార్థనా నియమాలను గ్రహించింది. నిష్కారణంగా ఒకరిని అనుమానించినవాడు వారిని సమాధానపరచి, ఆశీర్వదించాలన్న నియమాన్ని కూడా ఇక్కడినుండే తీసుకొంది. నిత్యప్రార్థన 'అమీదా'లో ఐదవది తెషువా కోసం, ఎనిమిదవది స్వస్థత కోసం చేసే ప్రార్థన. ఈ రెండూ 'మమ్మల్ని' అనే బహువచనంలోనే ఉన్నాయి. రోగి కోసం ప్రార్థించే ఆరోగ్యవంతుడు కూడా తెషువా కోరేవారిలో ఒకడే.

6. ముగింపు:
యూద తాత్త్వికుడు జోసెఫ్ సోలోవైచిక్ 1956లో చేసిన 'కోల్ దోదీ దోఫేక్' ప్రసంగంలో, బాధకు కారణమేమిటన్న ప్రశ్నకంటే బాధలో ఉన్నవాడు చేయవలసినదేమిటన్న ప్రశ్నకు ప్రాధాన్యమిచ్చాడు. పై ఆధారాలు అదే దిశను సూచిస్తున్నాయి. తెషువా ఉత్తమపురుషలో జరిగే క్రియ. 'నేను ఎక్కడ తప్పాను?' అన్న ప్రశ్న మనిషిని తిరిగి నిలబెట్టగలదు. అదే ప్రశ్న 'నువ్వు ఎక్కడ తప్పావు?' అని మధ్యమపురుషలోకి మారితే, అది యోబు స్నేహితుల మాట అవుతుంది.