ముడుమాల్ రాళ్ల నడుమ ఒక అట్టపెట్టె

వర్చువల్ రియాలిటీని చాలామంది కళ్లకు సంబంధించిన యంత్రమనుకుంటారు. దాని ప్రాణం ఉన్నది మెడలో. మనం తల ఎటు తిప్పితే అటు, తిప్పిన ఆ క్షణంలోనే, ఎదుటి దృశ్యం మారాలి. అది జరిగితే నాలుగు గీతలతో గీసిన గది కూడా నిజమనిపిస్తుంది. జరగకపోతే ఎంత అందమైన బొమ్మయినా బొమ్మగానే మిగిలిపోతుంది. నారాయణపేటలో డిప్లొమానో డిగ్రీనో చదువుతూ వీఆర్ ఆటను ప్రాజెక్టుగా చేద్దామనుకునే పిల్లలు మొదట పట్టుకోవాల్సింది ఈ ఒక్క సంగతి. యంత్రం ఎదిగిన తీరు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

మన రెండు కళ్ల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అందుకే ఒకే వస్తువు ఒక్కో కంటికి కాస్త వేరుగా కనబడుతుంది. ఆ తేడా నుంచే మెదడు లోతును లెక్కగడుతుందని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ లండన్ రాయల్ సొసైటీ ముందు నిరూపించాడు. రెండు అద్దాలు, రెండు బొమ్మలు, అంతే ఆయన సరంజామా. ఫొటోగ్రఫీ సంగతి అప్పటికి లోకానికి తెలియదు కనుక బొమ్మలు చేత్తో గీసుకున్నవే. 1849లో డేవిడ్ బ్రూస్టర్ అద్దాల స్థానంలో కటకాలు పెట్టాడు. 1861లో అమెరికా వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్ చేత్తో పట్టుకుని చూసే చవక నమూనా తయారుచేసి, దానికి పేటెంట్ తీసుకోకుండా వదిలేశాడు. స్టీరియోస్కోప్ సామాన్యుల ఇళ్లలోకి అలా వచ్చింది. లోతు కనిపించేది గానీ, తల తిప్పితే ఏమీ మారేది కాదు.

ఆ కొరత తీర్చింది ఇవాన్ సదర్లాండ్. 1968లో హార్వర్డ్‌లో, బాబ్ స్ప్రౌల్ అనే విద్యార్థి సాయంతో, తలకు తగిలించుకునే తెరను తయారుచేశాడు. కప్పు నుంచి వేలాడే ఇనుప చేయి తల కదలికను కొలిచి కంప్యూటర్‌కు చేరవేసేది. అందులో కనిపించినవి ఉత్త గీతలే. ఆయన చూపిన వాటిలో ఒక గది ఉంది. దాని గోడల మీద దిక్కులను తెలిపే అక్షరాలు రాసి పెట్టాడు. లోతు భ్రమకు రెండు కళ్ల తేడా కన్నా, తల కదిలినప్పుడు దృశ్యంలో వచ్చే మార్పే ముఖ్యమని తన పత్రంలో స్పష్టంగా చెప్పాడు. ఈ రంగంలో వచ్చిన మాటలన్నిటిలోనూ నాకు అదే గొప్పదనిపిస్తుంది.

తర్వాతి కథ చాలావరకు ధర తగ్గడమే. 1980లలో జారన్ లానియర్ కంపెనీ హెడ్‌సెట్లు అమ్మింది గానీ ధర మామూలు జనానికి అందలేదు. 1995లో నింటెండో తెచ్చిన వర్చువల్ బాయ్ నిలవలేదు. 2012లో పామర్ లకీ ఆక్యులస్ అనే హెడ్‌సెట్ కోసం జనం నుంచి చందాలు పోగుచేశాడు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని సుమారు 200 కోట్ల డాలర్లకు కొంది. అదే ఏడాది జూన్‌లో, పారిస్‌లోని గూగుల్ ఇంజనీర్లు డేవిడ్ కోజ్, డేమియన్ ఆన్రీ చేసిన ‘కార్డ్‌బోర్డ్’ అనే అట్టపెట్టె బయటికొచ్చింది. అట్ట, రెండు కటకాలు, ఒక అయస్కాంతం. మిగతా పనంతా జేబులోని ఫోనే చూసుకునేది. కప్పు నుంచి వేలాడిన ఇనుప చేయి చేసిన పనిని ఇప్పుడు ఫోనులోని గైరోస్కోప్ చిప్ చేస్తోంది. గూగుల్ 2021లో ఆ పెట్టెల అమ్మకం ఆపేసింది. అయినా డిజైన్, సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితంగానే ఉన్నాయి.

ఈ చరిత్రలో మన వాటా కూడా ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు 1979లో తొలి డైరెక్టర్ అయినవాడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1990లలో అదే సంస్థలో తకియో కనాడే, పీటర్ రాండర్, పి.జె. నారాయణన్ కలిసి 5 మీటర్ల గోపురం లాంటి చట్రానికి 51 కెమెరాలు బిగించారు. లోపల కదిలే మనిషిని అన్ని వైపుల నుంచీ ఒకేసారి చిత్రించి, ఆ చిత్రాల నుంచే త్రీడీ రూపం రాబట్టారు. నారాయణన్ 2000లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి వచ్చారు, తర్వాత దానికి డైరెక్టర్ అయ్యారు.

మనిషి కదులుతాడు కాబట్టి వాళ్లకు 51 కెమెరాలు అవసరమయ్యాయి. కదలని వస్తువైతే ఒక్క ఫోను చాలు. అలాంటి వస్తువు నారాయణపేట జిల్లాలోనే ఉంది. కృష్ణ మండలం ముడుమాల్‌లో, కృష్ణా తీరాన, సుమారు 3,500 ఏళ్ల నాటి నిలువురాళ్లు ఉన్నాయి. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్నవి దాదాపు 80. చిన్న రాళ్ల వరుసలు అసంఖ్యాకం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కె.పి. రావు వీటిని ఏళ్ల తరబడి పరిశోధించారు. కొన్ని వరుసలు విషువత్తు, అయనాంతం రోజుల్లో సూర్యుడి ఉదయాస్తమయాలకు సరిపోతాయి. ఒక రాతి మీద గుంటలతో చెక్కిన సప్తర్షి మండలం ఉంది. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

నారాయణపేట అంటే చీర గదా, మగ్గం ఆట చేయకూడదా అని అడగవచ్చు. చేయాల్సిందే, కానీ అట్టపెట్టెతో కాదు. నేతకు చేతులు కావాలి, అట్టపెట్టెకు చేతుల జాడ తెలియదు. దానికి తెలిసింది మెడ తిప్పడం ఒక్కటే. రాళ్ల నడుమ నిలబడి దిక్కులు చూసే ఆటకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

పనిలోకి దిగేముందు ఫోనులో గైరోస్కోప్ ఉందో లేదో చూసుకోవాలి. చాలా చవక ఫోన్లలో అది ఉండదు. అది లేకపోతే దృశ్యం వణుకుతుంది. ఊరివాళ్లు ఆ రాళ్లను కొలుస్తారు, ఒకదాన్ని ఎల్లమ్మగా పూజిస్తారు. అందుకని వాళ్లకు చెప్పి, రాయిని ముట్టకుండా, చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీయాలి. ఉచితంగా దొరికే మెష్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాటిని త్రీడీ రూపంగా మారుస్తుంది. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో దాని బరువు తగ్గించి, యూనిటీ గేమ్ ఇంజిన్‌లోకి తీసుకెళ్లాలి. అక్కడ ఒక యూనిట్ అంటే ఒక మీటరు. రాయి ఎత్తు తప్పు పడితే తల ఎత్తి చూడగానే పట్టుబడుతుంది. కటకం గుండా చూస్తే బొమ్మ అంచులు సాగుతాయి కాబట్టి, కార్డ్‌బోర్డ్ ప్లగిన్ వాటిని ముందే లోపలికి వంచి గీస్తుంది. సెకనుకు 60 చిత్రాలు రావాలంటే ఒక్కో చిత్రానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లు. అందుకే నీడలు దగ్గరి రాళ్లకే వేసి, దూరపు వాటికి వదిలేయాలి. ఆడేవాళ్ల మెడ కదలకుండా దృశ్యాన్ని కదిలిస్తే వాంతి వచ్చినట్టవుతుంది. అందుకని నడిపించడం మానేసి, ఒక రాయిని రెండు సెకన్లు చూస్తే దాని దగ్గరికి చేరేలా చేయడం మేలు.

ఇక ఆట. సంవత్సరాన్ని ముందుకు జరుపుతూ, ఏ వరుస ఏ రోజు సూర్యోదయానికి ఎదురుగా ఉందో కనిపెట్టాలి. దీనికి కావాల్సిన లెక్క ఇంటర్ త్రికోణమితే. సూర్యుడి క్రాంతి (డిక్లినేషన్) సైన్‌ను ఆ చోటి అక్షాంశం కొసైన్‌తో భాగిస్తే, సూర్యోదయం తూర్పు నుంచి ఎంత జరిగిందో ఆ కోణం సైన్ వస్తుంది. ముడుమాల్ అక్షాంశం సుమారు 16.4 డిగ్రీలు. అయనాంతం నాడు క్రాంతి భూమి అక్షం వంపుకు సమానం కాబట్టి, ఇప్పుడు ఆ జరుగుడు దాదాపు 24.5 డిగ్రీలు. అయితే 3,500 ఏళ్ల కింద భూమి అక్షం వంపు సుమారు 23.9 డిగ్రీలు. ఆ లెక్కన సూర్యుడు ఇంకో అర డిగ్రీ అవతల, అంటే తన బింబమంత దూరంలో లేచేవాడు. ఆటలో ఆ రెండు సూర్యోదయాలనూ పక్కపక్కన చూపించొచ్చు. పుస్తకంలో చదివితే వదిలేసే సంగతిని తల తిప్పి స్వయంగా చూస్తారు. ఈ ప్రాజెక్టుకు మార్కులు వేసేవాళ్లు బొమ్మల మెరుపును కాక ఈ లెక్కను చూడాలని నా అభిప్రాయం.

జూన్ అయనాంతానికి మనకు మబ్బులు కమ్ముతాయి. డిసెంబరు 21న తెల్లవారకముందే ముడుమాల్ చేరుకోండి. సూర్యుడు లేచిన దిక్కును దిక్సూచితో కొలిచి ఆటతో పోల్చండి. తేడా వస్తే ఆటను దిద్దండి.