దీపం ఉండగానే

లోకం రేపే అంతమవుతుందని నమ్మిన మనిషి ఈ రోజు ఏ పని చేయాలి? రెండు వేల సంవత్సరాలుగా క్రైస్తవులు ఈ ప్రశ్నకు తమ బ్రతుకులతోనే సమాధానం చెబుతూ వచ్చారు.

1780 మే 19వ తేదీ. అమెరికా ఈశాన్య ప్రాంతమంతటా పట్టపగలే చీకట్లు కమ్ముకున్నాయి. మధ్యాహ్న భోజనానికి కొవ్వొత్తులు వెలిగించుకోవలసి వచ్చింది. ప్రొద్దు గుంకిందనుకొని పక్షులు గూళ్ళు చేరుకున్నాయి. బైబిలులో చెప్పిన తీర్పు దినం వచ్చేసిందని ఎందరో వణికిపోయారు.

కనెక్టికట్ రాష్ట్ర శాసనసభ ఆనాడు హార్ట్‌ఫర్డ్ పట్టణంలో సమావేశమై ఉన్నది. దిగువ సభ వాయిదా పడింది. ఎగువ సభను కూడా వాయిదా వేద్దామన్న మాట వచ్చింది. అబ్రహాం డావెన్‌పోర్ట్ అనే పెద్దమనిషి మాత్రం అందుకు ఒప్పుకోలేదు. ఆయన తర్కం సూటిగా ఉన్నది. తీర్పు దినం రానట్లయితే సభ ఆపవలసిన పని లేదు. వచ్చిందే నిజమైతే, తన విధిని నిర్వర్తిస్తూ ఉండగానే దైవం తనను చూడాలి. కాబట్టి కొవ్వొత్తులు తెప్పించమన్నాడాయన.

ఆ చీకటికి కెనడా అడవులలో రేగిన కార్చిచ్చు పొగే కారణమని, చెట్ల కాండాలలో మిగిలిపోయిన కాలిన మచ్చలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2007లో వెల్లడించారు. పొగ మరునాటికి చెదిరిపోయింది. డావెన్‌పోర్ట్ ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం క్రైస్తవ మతమంత పాతది. నేటికీ మిగిలే ఉన్నది.

క్రీస్తు మరల వస్తాడు, మృతులు లేస్తారు, మానవులందరికీ తీర్పు జరుగుతుంది - ఇది క్రైస్తవుల విశ్వాసం. అయితే ఆ దినం గాని, ఆ గడియ గాని ఎవరికీ తెలియదని సువార్తలే చెబుతున్నాయి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. గ్రీకు దేశపు థెస్సలొనీక పట్టణంలోని తొలి క్రైస్తవులలో కొందరు పనిపాటలు మానుకొని ఇతరుల మీద ఆధారపడి బ్రతకసాగారు. ప్రభువు రాకడ దగ్గరపడిందన్న భావమే ఇందుకు కారణమని పలువురు పండితుల అభిప్రాయం. పని చేయనివాడు తిండి కూడా ఆశించరాదని, పౌలు పేరిట వెలసిన రెండవ లేఖ వారిని గట్టిగా మందలించింది.

గడియ తెలిసిపోయిందనుకున్నప్పుడు మనుషులు ఏమవుతారో తెలుసుకోవాలంటే 1844 నాటి అమెరికాను చూడాలి.

విలియం మిల్లర్ న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు. 1812 యుద్ధంలో సైన్యాధికారిగా పనిచేశాడు. యుద్ధం నుంచి తిరిగి వచ్చాక బైబిలును అక్షరమక్షరం చదివాడు. దానియేలు గ్రంథంలో చెప్పిన 2,300 దినాలను సంవత్సరాలుగా లెక్కకట్టి, 1843 ప్రాంతంలో క్రీస్తు వస్తాడని తేల్చాడు. 1831లో ప్రసంగాలు ఆరంభించాడు. అనుచరులు 50 వేలని కొందరు, లక్ష అని కొందరు అంచనా కట్టారు. మొదట చెప్పిన గడువు దాటిపోయింది. మిల్లర్ అనుయాయి శామ్యూల్ స్నో లెక్క సవరించి 1844 అక్టోబరు 22 అని ఖచ్చితమైన తేదీ పెట్టాడు.

ఆ శరదృతువులో వింతలు జరిగాయి. దుకాణదారులు దుకాణాలు కట్టేశారు. అప్పులున్నవారు తీర్చివేశారు. ఏళ్ళ తరబడి పగలు పెంచుకున్నవారు ఒకరినొకరు క్షమించుకున్నారు. న్యూ హాంప్‌షైర్‌లో లెనార్డ్ హేస్టింగ్స్ అనే రైతు తన చేనులోని బంగాళదుంపలను త్రవ్వకుండా వదిలివేశాడు. త్రవ్వితే తన నమ్మకాన్ని తానే కాదన్నట్లవుతుందని అతని భావన.

అక్టోబరు 22 తెల్లవారింది, ప్రొద్దు గుంకింది, అర్ధరాత్రి గడిచింది. ఎవరూ రాలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో హైరమ్ ఎడ్సన్ అనే రైతు ఇంట చేరిన విశ్వాసులు తెల్లవారే దాకా విలపించారు. ఇంకా పైకి వెళ్ళలేదా అని ఇరుగుపొరుగు ఎగతాళి చేశారు. పంటలు వదులుకున్నవారిని తోటి విశ్వాసులు ఆదుకోవలసి వచ్చింది. చరిత్రలో దీనికి ‘మహా ఆశాభంగం’ అని పేరు.

హేస్టింగ్స్ దుంపల కథకు మాత్రం మరో ముగింపు ఉన్నది. ఆ ఏడు ముందుగా త్రవ్వినవారి దుంపలు తెగులు సోకి కుళ్ళిపోయాయని, ఆలస్యంగా త్రవ్విన అతని దుంపలు విత్తనానికి మంచి ధర పలికాయని అతని సంఘం వారు నేటికీ చెప్పుకుంటారు. కాని ప్రతి చేనుకూ అటువంటి అదృష్టం పట్టలేదు.

మిల్లర్ 1849లో మరణించాడు. చివరి వరకూ ఎదురుచూపు మానలేదు. ఉద్యమం చీలిపోయింది, చాలామంది దూరమయ్యారు. మిగిలినవారిలో ఒక చిన్న గుంపు తేదీలు పెట్టడం మానుకొన్నది. నిరీక్షణ మాత్రం మానలేదు. 1863లో మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో వారు సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘాన్ని స్థాపించుకున్నారు. ‘అడ్వెంటిస్టు’ అంటే రాకడ కోసం ఎదురుచూసేవాడని అర్థం.

లోకం త్వరలో పోతుందని నమ్మినవారికి బడులెందుకు? తొలినాళ్ళలో ఆ సంఘపు తల్లిదండ్రులు కొందరు సరిగ్గా ఇలాగే అడిగారు. రోజులు గడిచాయి, పిల్లలు ఎదిగారు. 1872లో బాటిల్ క్రీక్‌లోనే సంఘం బడి తెరిచింది. అంతకు ముందే, 1866లో, ఆరోగ్య కేంద్రం నెలకొల్పింది. దేహం దేవుని ఆలయమని, వచ్చే ప్రభువు కోసం దానిని శుభ్రంగా ఉంచుకోవాలని వారి బోధ. మద్యం, పొగాకు విసర్జించారు, శాకాహారాన్ని ప్రోత్సహించారు. ఆ కేంద్రపు రోగుల కోసం డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్ చేసిన ప్రయోగాలనుంచే, నేడు మన నగరాలలో కూడా ఉదయపు ఫలహారమైన కార్న్ ఫ్లేక్స్ పుట్టుకొచ్చాయి. లోకాంతం కోసం ఎదురుచూసినవారు లోకానికి అల్పాహారం అందించడం చరిత్రలోని చమత్కారం.

నేడు ఆ సంఘ సభ్యులు ప్రపంచంలో 2 కోట్లకు పైగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోని నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి వారిదే. నిష్ఠగా ఉండే ఇళ్ళలో శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే వంట, ఇంటి పనులు ముగించుకుంటారు. శనివారం సూర్యాస్తమయం వరకు విశ్రాంతి దినం. అయినా ఆ వేళలో రోగిని ఆదుకోవడం పుణ్యకార్యమే గాని నియమభంగం కాదని వారు భావిస్తారు. వారానికొకసారి చేతిలో పని ప్రక్కన పెట్టి ఆ చివరి దినాన్ని తలచుకుంటారు. మరునాడు మళ్ళీ ఆ పనికే వెళతారు.

అంతం దగ్గరపడిందన్న నమ్మకం ఒకరి చేతిలో పలుగును ఆపింది. మరొకరి చేత బడి కట్టించింది. తేదీ తెలుసుననుకున్నవాడు దుంపలను నేలలోనే వదిలాడు. తెలియదని ఒప్పుకున్నవాడు రోగికి మందు వేసి, రేపటికి కూడా సిద్ధమయ్యాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు అంటారు. ఆ చీకటి పగటివేళ హార్ట్‌ఫర్డ్‌లో కొవ్వొత్తులు తెప్పించమన్న పెద్దమనిషి కోరినదీ ఇదే.